రేపటి క్లాసిక్ కారును నేడే గుర్తించడం ఎలా?

1976 ఏప్రిల్‌లో క్యాడిలాక్ సంస్థ తన ఎల్డొరాడో కన్వర్టిబుల్ తయారీని నిలిపివేసింది. పైకప్పు మడిచే అమెరికన్ కార్లలో ఇదే ఆఖరిదని సంస్థ చెప్పింది, కొనేవారు నమ్మారు. ఆ సంవత్సరం తయారైన 14,000 కార్లలో ఎన్నో షోరూమ్ నుంచి నేరుగా గ్యారేజీకి చేరి, పైన గుడ్డ కప్పుకొని, రోడ్డు ముఖం చూడకుండా ఉండిపోయాయి. ఏనాటికైనా వాటి ధర ఆకాశాన్ని అంటుతుందని యజమానుల ఆశ. తీరా 1984లో అదే సంస్థ అదే పేరుతో కన్వర్టిబుల్‌ను మళ్లీ తీసుకురావడంతో, ఆఖరిదని కొన్నవారిలో కొందరు న్యాయస్థానం మెట్లు కూడా ఎక్కారు. ఈనాటికీ ఆ కార్లు కొత్తవాటిలా మెరుస్తూ దొరుకుతూనే ఉన్నాయి. వాటి విలువ పెద్దగా పెరగకపోవడానికి కారణమూ అదే.

సరిగ్గా ఆ ఏడాదే జర్మనీలో వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మకానికి వచ్చింది. 5,000 కార్లు అమ్ముడుపోతే చాలునని సంస్థ మొదట అనుకున్నది, కానీ మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. దాన్ని దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. యువకులు కొన్నారు, తోలారు, గుద్దారు, చక్రాలు మార్చారు, రంగులు మార్చారు, చివరికి తుప్పుకు వదిలేశారు. ఇప్పుడు మార్పులు చేయని, తుప్పు పట్టని తొలినాటి జీటీఐ ఒకటి బయటపడితే సేకర్తలు పోటీపడి కొంటారు.

రేపటి క్లాసిక్‌ను వెతకదలచిన వారు ఈ రెండు కార్ల కథనూ పక్కపక్కన పెట్టుకొని మొదలుపెట్టడం మంచిది. అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య అయిన ఫీవా, 30 ఏళ్లు నిండి, చారిత్రకంగా సరైన స్థితిలో ఉండి, రోజువారీ ప్రయాణానికి వాడని వాహనాన్ని చారిత్రక వాహనంగా లెక్కిస్తుంది. వయసు వచ్చినంత మాత్రాన విలువ రాదు. కింద చెప్పిన పనులను ఇదే వరుసలో చేయండి, ఎందుకంటే ఒక దశలో ఓడిన కారును తరువాతి దశకు మోసుకుపోవడం వల్ల మీ సమయం వృథా కావడం తప్ప ఒరిగేది లేదు.

మొదటి పని: ఆ కారు కొత్తగా వచ్చినప్పుడు పదిహేనేళ్ల వయసు వారెవరో లెక్క వేయండి

పాత కారు మీద ఎవరైనా ఎక్కువ డబ్బు ఎందుకు పెడతారన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు వారి కౌమారంలోనే ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో గోడకు బొమ్మ అంటించుకొని, వీధిలో ఎప్పుడైనా కనబడితే పరుగెత్తుకెళ్లి చూసి, కొనే స్థోమత లేక ఊరుకున్న కారును, మనిషి నలభై ఐదేళ్లు వచ్చి ఇల్లు, పిల్లల చదువులు ఒక దారికి వచ్చాక వెతుక్కుంటూ వెళతాడు. అందువల్ల కారు విడుదలైన సంవత్సరానికి ముప్పై కలపండి. 1986లో వచ్చిన కారును అప్పుడు కలగన్న కుర్రవాడికి 2016లో నలభై ఐదేళ్లు వచ్చాయి. ఆ కాలపు కార్ల ధరలు దాదాపు ఆ సంవత్సరాల్లోనే పైకి లేవడం కాకతాళీయం కాదు. 2001 నాటి కారుకు ఆ ఘడియ 2031లో వస్తుంది. కనుక ఇప్పుడు వెతకడం మొదలుపెట్టేవారికి నేను 1998 నుంచి 2010 వరకు వచ్చిన కార్లను సూచిస్తాను. అంతకుముందువి చాలావరకు ఇప్పటికే గుర్తింపు పొందాయి; ఆ తరువాతివి చాలావరకు ఇంకా ధర పడిపోతున్న దశలో ఉన్నాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. కొత్తగా ఉన్నప్పుడు ఆ కారును కొన్నవారి కోరిక వేరు, దాన్ని చూసి ఆశపడ్డవారి కోరిక వేరు. పెద్ద పెద్ద విలాసవంతమైన సెడాన్లను సంస్థల అధిపతులు కొన్నారు కానీ వాటిని కలగన్న కుర్రవాళ్లు తక్కువ. అందుకే అవి కొత్తలో ఎంత ఖరీదైనవైనా చాలావరకు వెల పడిపోయి అక్కడే నిలిచిపోతాయి. టయోటా సుప్రా నాలుగవ తరం సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. 1993 నుంచి 2002 వరకు తయారైన ఆ కారును వీడియో గేముల్లో నడిపినవారు లక్షలు, నిజంగా నడిపినవారు వేలల్లోనే. 2001లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రం ఆ కోరికకు ఆజ్యం పోసింది. ఆ చిత్రంలో వాడిన నారింజ రంగు సుప్రా 2021లో వేలంలో 5,50,000 డాలర్లకు పోయింది. అయితే సినిమాను ముందుగా ఊహించి కారు కొనలేరు. డీలోరియన్‌ను చూడండి: తయారుచేసిన సంస్థ సుమారు 9,000 కార్లతోనే మూతపడింది, 1985 నాటి సినిమా రాకపోయి ఉంటే దాని స్టీలు ఒళ్లు, పైకి లేచే తలుపులు ఒక వింతగానే మిగిలిపోయేవి. అలాంటి అదృష్టాన్ని లెక్కలో వేసుకోవద్దు.

ఈ దశలో మీరు చేయవలసినది సులువే. పాతికేళ్ల నుంచి నలభై ఏళ్ల లోపు ఉన్న కార్ల అభిమానులతో మాట్లాడండి. ఏ కారు మంచిదని అడగకండి, చిన్నప్పుడు ఏ కారు బొమ్మ గీసేవారో, ఏ కారు శబ్దం వింటే కిటికీ దగ్గరకు పరుగెత్తేవారో అడగండి. ఒకరినొకరు ఎరుగని ముగ్గురి నోట వచ్చిన పేర్లను మాత్రమే రాసుకోండి. నా లెక్క ప్రకారం ఆ జాబితా ఇరవై పేర్లు దాటకూడదు.

రెండవ పని: ఎన్ని తయారయ్యాయని కాక, ఎన్ని మిగిలాయని అడగండి

అరుదైనది విలువైనదన్న మాట సగమే నిజం. సంస్థ తానే ‘పరిమిత సంఖ్య’ అని ముద్ర వేసి, డ్యాష్‌బోర్డు మీద అంకె చెక్కి అమ్మిన కారును కొన్న ప్రతివాడూ దాచుకుంటాడు. ముప్పై ఏళ్ల తరువాత కూడా అవన్నీ ఉంటాయి, పైగా అన్నీ మంచి స్థితిలోనే ఉంటాయి. పైపెచ్చు ఆ అంకె మీద సంస్థ ఎంతవరకు నిలబడుతుందో కూడా చెప్పలేం. రెనో సంస్థ 1993లో క్లియో విలియమ్స్‌ను అంకెలు వేసిన పరిమిత సంచికగా విడుదల చేసి, గిరాకీ చూసి రెండవ విడత, మూడవ విడత కూడా తెచ్చింది. తమది ప్రత్యేకమని కొన్న మొదటి విడత యజమానులకు కోపం రావడం సహజమే. జాగ్వార్ ఎక్స్‌జే220ని 1988లో ప్రదర్శించినప్పుడు పన్నెండు సిలిండర్ల ఇంజన్, నాలుగు చక్రాలకూ శక్తి అన్నారు. లాభానికి అమ్ముకోవచ్చని ఎందరో బయానా కట్టారు. చేతికి వచ్చే సరికి ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, వెనుక చక్రాలకే శక్తి, ఈలోగా మార్కెట్టు కుప్పకూలింది. 300 కన్నా తక్కువే తయారైనా, ఆ కారు తగిన గౌరవం పొందడానికి పాతికేళ్లు పట్టింది.

మీరు వెతకవలసిన అరుదుతనం వేరే రకానిది. వేల సంఖ్యలో తయారై, ఆ తరువాత అరిగి, తుప్పు పట్టి, ప్రమాదాల్లో పోయి, దొంగల పాలై, మార్పులకు బలై, చివరికి గుప్పెడు మాత్రమే మొదటి రూపంలో మిగిలిన కారు మీకు కావాలి. ప్యూజో 205 జీటీఐ, హోండా ఇంటిగ్రా టైప్ ఆర్, టయోటా ఏఈ86 అటువంటివే. పెరటి చెట్టు మందుకు రాదన్నట్టు, అవి అన్నిచోట్లా కనబడిన రోజుల్లో వాటిని పట్టించుకున్నవారు లేరు.

ప్రభుత్వాల నిర్ణయాలు కూడా ఈ తరుగుదలకు తోడయ్యాయి. 2009లో అమెరికా పాత కార్లను ఇచ్చి కొత్తవి కొనుక్కుంటే రాయితీ ఇచ్చింది. ఆ పథకంలో సుమారు 6,77,000 కార్లు వెళ్లిపోయాయి, మళ్లీ ఎవరూ వాడకుండా వాటి ఇంజన్లలో సోడియం సిలికేట్ ద్రావణం పోసి బిగుసుకుపోయేలా చేశారు. జర్మనీ, బ్రిటన్‌లలో కూడా ఆ ఏడాదే ఇటువంటి పథకాలు నడిచాయి. ఆ తుడిచివేతలో పోయినవి చాలావరకు మామూలు కార్లే, కానీ మామూలు కార్లలోనే రేపటి అరుదైనవి ఉంటాయన్న సంగతి మరువవద్దు.

మిగిలినవెన్నో తెలుసుకోవడానికి కొన్ని దేశాల్లో అధికారిక లెక్కలు దొరుకుతాయి. బ్రిటన్‌లో నమూనా వారీగా రోడ్డు మీద ఉన్న వాహనాల సంఖ్యను ప్రభుత్వం ప్రచురిస్తుంది. అటువంటి పట్టిక దొరికితే గత పదేళ్ల అంకెలను వరుసగా రాసుకోండి. సంఖ్య వేగంగా పడిపోతూ వచ్చి ఒక చోట నిలిచిందంటే, మిగిలినవాటిని ఎవరో జాగ్రత్త చేయడం మొదలుపెట్టారని అర్థం; ఆ మలుపు చాలా విలువైన సంకేతం. లెక్కలు దొరకని చోట ఒక ఏడాదిపాటు అమ్మకపు ప్రకటనలను గమనించి, మార్పులు చేయనివి ఎన్ని వచ్చాయో నెలనెలా రాసుకోండి. ఈ దశలో ఒక హెచ్చరిక: మొదటి పనిలో నెగ్గని కారును అరుదుగా ఉందని రెండవ పనిలో కనికరించకండి. ఎవరూ కోరని కారు ఎంత అరుదైనా అరుదైన పాత ఇనుమే.

మూడవ పని: మళ్లీ తయారుచేయలేనిది అందులో ఏముందో చెప్పుకోండి

పోటీల కోసం పుట్టిన కార్లు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి. 1980లలో గ్రూప్ ఏ అనే తరగతి కారు రేసుల్లో పాల్గొనాలంటే పన్నెండు నెలల్లో 5,000 కార్లను, గ్రూప్ బీ అయితే 200 కార్లను తయారుచేయాలన్న నిబంధన ఉండేది. బీఎమ్‌డబ్ల్యూ తొలి ఎమ్3, లాన్షియా డెల్టా ఇంటెగ్రాలే వంటి కార్ల చరిత్రకు మూలం ఆ నిబంధనే. 1990లో మెర్సిడెస్ 190ఈ ఎవల్యూషన్-2ను 502 మాత్రమే కట్టింది. అంతకు చాలా ముందే 1973 నాటి పోర్షె 911 కరెరా ఆర్ఎస్ 2.7ను పోటీ అర్హతకు 500 కావాలని మొదలుపెట్టి, గిరాకీ కొద్దీ 1,580 తయారుచేశారు, అయినా దాని విలువ ఏమాత్రం తగ్గలేదు. రోడ్డు మీద అమ్మాలన్న ఆలోచన కన్నా పోటీలో గెలవాలన్న పట్టుదల ముందుగా ఉన్న కారులో ఇంజినీర్లు ఖర్చుకు వెనుకాడలేదన్న ఆనవాళ్లు కనబడతాయి. అలాంటి నిబంధన పోయాక అలాంటి కారు రాదు.

పోటీల చరిత్ర లేని కార్లలో, సాంకేతికత చివరి దశలో ఉన్నవాటిని చూడండి. గాలితో చల్లబడే ఇంజన్ ఉన్న 911 తయారీ 1998లో ముగిసింది. ఆ తరువాతి ఏళ్లలో గాలి ఇంజన్ల ధరలు, నీటి ఇంజన్ల ధరలు రెండు వేర్వేరు దారులు పట్టాయి. ఇప్పుడు అటువంటి గీత టర్బో లేని అధిక వేగపు ఇంజన్ల దగ్గర, హైడ్రాలిక్ స్టీరింగ్ దగ్గర, మాన్యువల్ గేర్ల దగ్గర పడుతున్నది. 1999లో వచ్చిన హోండా ఎస్2000 ఇంజన్ నిమిషానికి 9,000 చుట్లు తిరిగేది. ఉద్గారాల నిబంధనలు, టర్బోల వ్యాప్తి చూస్తే అటువంటి రెండు లీటర్ల ఇంజన్ మళ్లీ రావడం కష్టం. లెక్సస్ ఎల్ఎఫ్ఏ కథ మరీ గొప్పది. 2010 చివరి నుంచి 2012 చివరి వరకు 500 కార్లు కట్టారు, ఒక్కోటి 3,75,000 డాలర్ల పైమాటే. ఆ ధరకు లెక్సస్ ఏమిటని ఎందరో పెదవి విరిచారు, కొన్ని కార్లు తయారీ ఆగిన ఏళ్ల తరువాత కూడా షోరూముల్లో మిగిలిపోయాయి. దాని పది సిలిండర్ల ఇంజన్ ఎంత చురుకైనదంటే ముల్లు ఆ వేగాన్ని అందుకోలేదని డిజిటల్ మీటరు పెట్టవలసి వచ్చింది. నేడు అది కొత్తప్పటి ధరకు ఎంతో పైన అమ్ముడవుతున్నది. కొత్తలో అమ్ముడుపోలేదన్నది తప్పక తీసివేయవలసిన కారణం కాదని నేను గట్టిగా నమ్మడానికి ఈ కారే ఆధారం.

మాన్యువల్ గేర్లున్నదల్లా పెరుగుతుందని మాత్రం అనుకోకండి. 2003 నాటి బీఎమ్‌డబ్ల్యూ ఎమ్3 సీఎస్ఎల్‌కు సంస్థ మాన్యువల్ గేర్‌బాక్స్ ఇవ్వనేలేదు, స్టీరింగ్ వెనుక ఉండే మీటలతో మార్చే గేర్లతోనే వచ్చింది. అయినా ఆ తరం ఎమ్3లన్నిటిలోనూ ఎక్కువగా కోరేది దానినే.

చివరివాటితోపాటు మొట్టమొదటివాటినీ చూడండి. 1999లో వచ్చిన మొదటి తరం హోండా ఇన్‌సైట్‌ను తీసుకోండి. అల్యూమినియం ఒళ్లు, మూసిన వెనుక చక్రాలు, లీటరు ఇంజన్, మాన్యువల్ గేర్లున్న హైబ్రిడ్, అంటే పెట్రోలుకు విద్యుత్తు తోడైన కారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 17,000 మాత్రమే తయారయ్యాయి. 2008 నుంచి 2012 వరకు సుమారు 2,450 కార్లతో ముగిసిన టెస్లా విద్యుత్ కారు రోడ్‌స్టర్ కూడా ఇటువంటిదే. నా అభిప్రాయంలో ఈ రెండూ చరిత్ర పుటల్లో తమ చోటును ఇప్పటికే సంపాదించుకున్నాయి. ఇక ఈ రెండింటిలో ఏది మేలో అయిదవ పనిలో తేలుతుంది.

కారును ఒకే వాక్యంలో వర్ణించగలగాలి. ‘ఇది ఫలానా పని చేసిన మొదటి కారు’, ‘ఫలానా ఇంజన్ పెట్టిన చివరి కారు’ అని చెప్పగలిగితే ఉంచుకోండి. ‘ఇది మంచి కారు, నమ్మకమైనది, సుఖంగా ఉంటుంది’ అన్నది తప్ప మరేమీ తోచకపోతే దాన్ని నడుపుకోవడానికి కొనండి, పెట్టుబడి అనుకోవద్దు.

నాలుగవ పని: పేరు ఒక్కటే అయినా రకాన్ని వేరుచేయండి

ఒకే పేరుతో వచ్చిన కార్ల మధ్య భవిష్యత్తులో ఏర్పడే తేడా కొత్తలో ఉన్న తేడా కన్నా చాలా పెద్దది. మామూలు 190ఈకీ ఎవల్యూషన్-2కీ ఉన్న దూరం చూస్తే ఇది తెలుస్తుంది. కనుక ఇంజన్, గేర్‌బాక్స్, సంవత్సరం, రంగు, సీట్లు అన్నీ వేరువేరుగా రాసుకోండి. సంస్థ జాబితాలో ఉండీ తక్కువ మంది ఎంచుకున్న రంగు తరువాత విలువ పెంచుతుంది, యజమాని తరువాత వేయించిన రంగు తగ్గిస్తుంది. 1998లో వచ్చిన తొలి ఆడి టీటీలలో వెనుక స్పాయిలర్ (వేగంలో కారును రోడ్డుకు అదిమి ఉంచే రెక్క) ఉండేది కాదు. అతి వేగంలో స్థిరత్వం మీద ఫిర్యాదులు రావడంతో సంస్థ స్పాయిలర్, స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ అమర్చింది. ఆ మార్పు జరగని తొలి కార్లను రూపాన్ని ప్రేమించే సేకర్తలు ప్రత్యేకంగా వెతుకుతారు. అటువంటిది కొంటే నెమ్మదిగా నడపండి.

అయిదవ పని: పాతికేళ్ల తరువాత దాన్ని నడిపించగలరా అని చూడండి

1970ల నాటి కారుకు నైపుణ్యమున్న మెకానిక్, లేత్ యంత్రం, కొంత ఓపిక ఉంటే ప్రాణం పోయవచ్చు. 2000 తరువాతి కారుకు అవి చాలవు. ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, ఎయిర్‌బ్యాగు మాడ్యూలు, తెరలు, తాళంలోని చిప్పు, వీటిలో ఏది పోయినా కారు కదలదు లేదా తనిఖీలో నెగ్గదు. ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, తీగల పైపొర రాలిపోతుంది. 1990ల తొలి, మధ్య సంవత్సరాల్లో వచ్చిన కొన్ని మెర్సిడెస్ కార్లలో పర్యావరణ హితం కోసం మట్టిలో కలిసిపోయే పైపొర ఉన్న తీగలు వాడారు. అవి ఇంజన్ వేడికి చిట్లి, మొత్తం వైరింగు మార్చవలసి వచ్చింది. మీ జాబితాలోని ప్రతి కారుకూ ఇటువంటి గుండెజబ్బు ఏదో ఒకటి ఉంటుంది. దాని పేరేమిటో, మందు ఉన్నదో లేదో తెలుసుకోండి.

మందు ఉన్న జబ్బు కొనుగోలుదారుకు మేలు కూడా చేయవచ్చు. నీటితో చల్లబడే తొలి 911ల ఇంజన్‌లో మధ్య షాఫ్టు బేరింగు విరిగితే ఇంజన్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఆ భయం వల్ల, గుడ్డు కొట్టిపోసినట్టున్న హెడ్‌లైట్లను కొందరు ఈసడించుకోవడం వల్ల ఆ తరం కార్లు చాలాకాలం చవకగా దొరికాయి. ఇప్పుడు బలమైన బేరింగులు వచ్చాయి, వాటిని మార్చిన రశీదు ఉన్న కారుకు లేని కారు కన్నా ఎక్కువ విలువ ఉంది. నలుగురూ భయపడే లోపానికి నమ్మకమైన మరమ్మతు దొరికిన క్షణమే కొనడానికి అనువైన సమయమని నా అనుభవం చెబుతుంది.

తయారీ సంస్థే పాత కారుకు విడిభాగాలను మళ్లీ చేయడం మొదలుపెట్టిందంటే అది చాలా మంచి సూచన. 2017లో నిస్సాన్ తన స్కైలైన్ ఆర్32 జీటీ-ఆర్‌కు, మాజ్దా తన తొలి ఎమ్ఎక్స్-5కు ఈ పని ప్రారంభించాయి. కొన్నేళ్లకు టయోటా సుప్రాకు కూడా అదే దారి పట్టింది. ఖర్చు పెట్టి అచ్చులు మళ్లీ చేయించే సంస్థ ఆ కార్లు ఇంకా చాలాకాలం తిరుగుతాయని లెక్కవేసుకొనే ఉంటుంది. హైబ్రిడ్, విద్యుత్ కార్ల విషయంలో బ్యాటరీయే అసలు ప్రశ్న. ఇన్‌సైట్ బ్యాటరీ చనిపోయినా పెట్రోలు ఇంజన్‌తో నడుస్తుంది, ప్రత్యామ్నాయ బ్యాటరీలూ దొరుకుతాయి. రోడ్‌స్టర్‌కు బ్యాటరీయే సర్వస్వం. అందుకే ఈ రెండింటిలో నేను ఇన్‌సైట్‌ను ముందు పెడతాను.

ఆరవ పని: ధర ఏ దశలో ఉన్నదో గుర్తించండి

చాలా కార్ల ధర కొత్తలో నిటారుగా పడి, పదిహేను నుంచి ఇరవై ఏళ్ల మధ్య నేలను తాకి, ఆ తరువాత అక్కడే ఉండిపోతుంది లేదా నెమ్మదిగా లేస్తుంది. మీరు నేల కోసం చూడాలి. అమ్మేవారు అడిగే ధర ఆశ మాత్రమే. వేలంలో పలికి, చేతులు మారిన ధరే నిజం. వేలంలో అమ్ముడుపోకుండా తిరిగివెళ్లిన కార్లను కూడా రాసుకోండి, ఎందుకంటే గిరాకీ ఎక్కడ ఆగిపోతున్నదో అవే చెబుతాయి. పన్నెండు నెలలపాటు ఇలా రాస్తే మీకు ఒక చిత్రం కనబడుతుంది: చెడ్డ కార్ల ధర కదలకుండా, మంచివాటి ధర మాత్రమే పెరుగుతూ ఉంటే, తెలిసినవారు కొనడం మొదలుపెట్టారన్నమాట. చెడ్డవి కూడా పెరుగుతున్నాయంటే మీరు ఆలస్యం చేశారు.

చట్టాలు తెచ్చే గిరాకీని ముందే లెక్కించవచ్చు, ఎందుకంటే వాటికి తేదీ ఉంటుంది. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కారును అక్కడి భద్రతా ప్రమాణాలతో పని లేకుండా దిగుమతి చేసుకోవచ్చు. 1989లో వచ్చిన స్కైలైన్ ఆర్32కు 2014లో, 1999లో వచ్చిన ఆర్34కు 2024లో ఆ తలుపు తెరుచుకున్నది. ఆ తలుపు తెరుచుకోకముందే ధరలు పెరగడం మొదలైంది, కనుక తేదీ దగ్గరపడ్డాక కొనడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వంటిది. అయిదారేళ్ల ముందే చూడాలి.

1980ల చివరలో ఫెరారీలు, జాగ్వార్‌లు షేర్ల మాదిరిగా చేతులు మారాయి. 1990 నాటికి ఆ గాలిబుడగ పగిలింది, కొన్ని కార్ల ధరలు తిరిగి ఆ స్థాయికి రావడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. అప్పు చేసి కొన్నవారే ఎక్కువగా నష్టపోయారు. ఈ ఒక్క విషయంలో నేను మినహాయింపు ఇవ్వను: రేపు పెరుగుతుందన్న ఆశతో అప్పు చేసి కారు కొనవద్దు.

ఏడవ పని: కారును కాక, ఆ ఒక్క కారును పరీక్షించండి

నమూనా తేలిన తరువాత ఎదురుగా నిలబడిన కారును చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోవాలి; మొదటి ఇంజన్ పోయి వేరొకటి ఎక్కిన కారు ఎంత బాగా నడిచినా సేకర్తల దృష్టిలో ఒక మెట్టు కిందే. ఖరీదైన రకాల పేరు పెట్టి మామూలు కార్లను మార్చి అమ్మేవారున్నారు కనుక, సంస్థ పురాతన విభాగం ఇచ్చే ధ్రువపత్రం దొరికితే తీసుకోండి. పెయింటు మందం కొలిచే పరికరంతో ప్రతి భాగాన్నీ కొలవండి. కార్ఖానాలో వేసిన రంగు సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు దగ్గర అంకె హఠాత్తుగా అనేక వందలకు చేరితే దాని కింద పుట్టీ ఉంది. అద్దాల మీద, సీటు బెల్టుల మీద ఉన్న తయారీ గుర్తులు కారు వయసుతో కలవాలి. టైరు మీద DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగిందని చెప్పే కారు టైర్లు మూడుసార్లు మారి ఉంటే ఎందుకో అడగండి. కారును లిఫ్టు మీదకు ఎక్కించి, కింద నుంచి తుప్పు చూడకుండా డబ్బు ఇవ్వకండి.

మార్పులు చేసిన కారును చూసి వెంటనే వదిలేయవలసిన పని లేదు. తీసేసిన ఒరిజినల్ భాగాలన్నీ పెట్టెలో భద్రంగా ఉంటే అది మంచి బేరం కావచ్చు. లేకపోతే వాటిని వెతకడానికి పట్టే కాలాన్ని, ఖర్చును ధరలోంచి తీసివేయండి.

ఎనిమిదవ పని: ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు లెక్క వేసి, ఆ తరువాతే కొనండి

పదిహేనేళ్లలో ధర రెట్టింపు అయిందని వింటే గొప్పగా అనిపిస్తుంది, కానీ అది ఏడాదికి 4.7 శాతం పెరుగుదలే. అందులోంచి బీమా, గ్యారేజీ, సర్వీసు, టైర్లు, పన్ను తీసేస్తే మిగిలేది స్వల్పం. కనుక లాభమే మీ లక్ష్యమైతే ఈ దారి సరైనది కాదు. కారుతో గడపడం ఇష్టమై, ఆ ఇష్టానికి అయ్యే ఖర్చు తిరిగి రావాలని కోరుకునేవారికి మాత్రమే ఇది పనికివస్తుంది. వాడకుండా నిలిపితే కారు ఆరోగ్యంగా ఉంటుందనుకోవడం పొరపాటు. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు పాడవుతుంది, బ్రేకులు తుప్పుతో అంటుకుపోతాయి. నెలకు ఒకసారైనా ఇంజన్, గేర్‌బాక్స్ పూర్తిగా వేడెక్కేంత దూరం నడపండి, గ్యారేజీలో తేమ 50 శాతం దరిదాపుల్లో ఉంచండి, బ్యాటరీకి నెమ్మదిగా చార్జి చేసే పరికరం తగిలించండి, టైమింగ్ బెల్టును కిలోమీటర్లు కాకున్నా సంవత్సరాల లెక్కన మార్చండి.

అమ్మవలసిన సమయాన్ని కూడా కొన్న రోజే రాసి పెట్టుకోండి. మొదటి పనిలో వేసిన లెక్క ఇక్కడా పనికివస్తుంది. ఆ కారును కలగన్న తరం యాభై ఐదు దాటిన తరువాత కొనేవారు క్రమంగా తగ్గుతారు. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందునాటి మామూలు కార్లకు జరుగుతున్నది ఇదే. ఆలోగా ప్రతి రశీదును, ప్రతి మరమ్మతు ఫొటోను, పాత యజమానుల ఉత్తరాలను తేదీల వారీగా ఒక దస్త్రంలో పెట్టండి. సర్వీసు పుస్తకం, రెండవ తాళంచెవి, కొన్నప్పటి కరపత్రం ఉంటే అవి కూడా అందులోనే ఉండాలి. కారు చూడడానికి వచ్చిన తెలిసిన సేకర్త బానెట్ ఎత్తకముందే ఆ దస్త్రం అడుగుతాడు. అప్పుడు దాన్ని అతని చేతికి ఇచ్చి, చదవడానికి ఒక గంట సమయం ఇవ్వండి.